ఐరన్ హెడ్ ఎంపిక: బ్లేడా, క్యావిటీనా, హాలోనా?

గోల్ఫ్‌లో కొత్త ఐరన్ సెట్ (అంకెలేసిన, లోహపు తల క్లబ్బులు) కొందామనుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏది ఎక్కువ దూరం పోతుంది?" షాపులో సిమ్యులేటర్ ముందు నిలబడితే దీనికి రెండు నిమిషాల్లో జవాబు దొరుకుతుంది. పాత 7 ఐరన్‌తో 140 గజాలు కొట్టే మనిషి కొత్తదాంతో 155 కొడతాడు, అక్కడికక్కడే కార్డు గీస్తాడు. దూరం పెరిగిన మాట నిజమే. అయితే ఆ కొత్త 7 ఐరన్ లాఫ్ట్ (ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, వెనక్కి వాలే కోణం; అది తగ్గితే బంతి దూరం పోతుంది) పాత సెట్టులో 6 ఐరన్‌ది, ఒక్కోసారి 5 ఐరన్‌కి దగ్గర. సోల్ (హెడ్ అడుగు భాగం) మీద వేసిన అంకె మాత్రం మారలేదు, అంతే.

అందుకని దూరాన్ని కాసేపు పక్కన పెట్టి హెడ్ సంగతి చూద్దాం. షాఫ్ట్ (క్లబ్ కర్ర), గ్రిప్ (పిడి) వేరే కథ. ఏ కంపెనీదైనా 7 ఐరన్ హెడ్ బరువు 270 గ్రాముల చుట్టుపక్కలే ఉంటుంది. డిజైనర్‌కి ఉన్న స్వేచ్ఛంతా ఆ 270 గ్రాములు ఎక్కడ సర్దాలన్న దాంట్లోనే ఉంది. ఫేస్ వెనక కుప్పపోస్తే బ్లేడ్. అంచులకు నెడితే క్యావిటీ. లోపల గుల్ల చేసి అడుగున దాస్తే హాలో. మిగతా పేర్లన్నీ ఈ మూడింటి పిల్లలే.

ముందు మీ బంతి ఎక్కడ తగులుతోందో చూసుకోండి

హ్యాండికాప్‌ని (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మేలు) బట్టి హెడ్ ఎంచుకోమనడం కంపెనీల అలవాటు. వాళ్లకు అది సులువు. కానీ 18 హ్యాండికాప్ ఆటగాడు ఐరన్లు శుభ్రంగా కొట్టి స్ట్రోకులన్నీ పటింగ్‌లో పోగొట్టుకుంటూ ఉండవచ్చు. 9 హ్యాండికాప్ అతను ఐరన్లు ఎలా కొట్టినా చిప్పింగ్‌తో (హోల్ దగ్గరి చిన్న షాట్లతో) గట్టెక్కుతూ ఉండవచ్చు. ఇద్దరికీ కావలసిన హెడ్ బ్రోచర్ చెప్పేదానికి తలకిందులు.

దీనికంటే మంచి పద్ధతి, పెద్ద ఖర్చు లేనిది, ఒకటుంది. వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి మీద వేలిగోరంత చుక్క పెట్టండి. ఆ చుక్క ఫేస్ వైపు తిరిగేలా బంతిని పెట్టి కొట్టండి. ఫేస్ మీద అచ్చు పడుతుంది. ఫొటో తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ కొట్టండి. ఓ ఇరవై బంతులయ్యాక ఫొటోలన్నీ వరసగా చూడండి. మచ్చలు అడ్డంగా పరుచుకున్నాయా, అంటే కొన్ని టో (హెడ్ కొస) వైపు, కొన్ని హీల్ (షాఫ్ట్ దగ్గరి భాగం) వైపు? లేక నిలువునా, ముఖ్యంగా కింది గ్రూవ్‌ల (ఫేస్ మీది గాడుల) దగ్గరే పోగయ్యాయా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేర్వేరు.

అడ్డంగా పరుచుకుంటే మీకు కావలసింది తగిలినప్పుడు మెలితిరగని హెడ్. టో మీద బంతి తగలగానే హెడ్ వెనక్కి తిరగబోతుంది. బరువు రెండు చివర్లా ఉంటే ఆ తిరుగుడు తగ్గుతుంది, దూరం, దిశ రెండూ తక్కువగా చెడతాయి. ఎంఓఐ (మొమెంట్ ఆఫ్ ఇనర్షియా) అని సేల్స్‌మన్ చెప్పేది దీని గురించే.

మచ్చలు కిందికే పడుతుంటే లెక్క మరోలా ఉంటుంది. గోల్ఫ్ బంతి వ్యాసం 42.7 మి.మీ., కాబట్టి దాని కేంద్రం నేల నుంచి 21 మి.మీ. ఎత్తులో ఉంటుంది. ఫేస్ వెనక్కి వాలి ఉండటం వల్ల బంతిని తాకే చోటు కేంద్రానికి ఇంకా కిందికి జరిగి, పొట్టి గడ్డి మీద నేల నుంచి 12 మి.మీ. దగ్గరికి వస్తుంది. మంచి ఆటగాడు డివాట్ (గడ్డి పెళ్ల) తీస్తాడు. సోల్ నాలుగైదు మి.మీ. నేలలోకి దిగడంతో ఫేస్ మీద ఆ చోటు 16, 17 మి.మీ. ఎత్తుకి చేరుతుంది. డివాట్ తీయని మనలాంటివాళ్లకు అది 12 దగ్గరే ఆగిపోతుంది. చాలా బ్లేడ్లలో గరిమనాభి (హెడ్ బరువు కేంద్రం) 20 మి.మీ. దాటి ఉంటుంది. చూడండి, శుభ్రంగా కొట్టినట్టు అనిపించిన దెబ్బ కూడా గరిమనాభికి కిందే తగులుతోంది. చేతికి జిల్లుమనడం, బంతి లేవకపోవడం అక్కడి నుంచే. వెడల్పు సోల్ ఉన్న హెడ్లలో బరువు అడుగున ఉండి గరిమనాభి కిందికి దిగుతుంది, ఆ తేడా కొంత పూడుతుంది.

ఒక హెచ్చరిక: ఈ పరీక్ష మ్యాట్ మీద చేస్తే సగం అబద్ధం చెబుతుంది. బంతికి అంగుళం ముందే నేల తాకినా మ్యాట్ మీద క్లబ్ జారి బంతిని బాగానే కొడుతుంది. గడ్డి దొరికితే గడ్డి మీదే చేయండి.

నేల, ఎత్తు, కన్ను

బంతి తగిలే చోటు తర్వాత నేను చూసేది సోల్. ఇది ఆడే ఊరిని బట్టి మారుతుంది, అమెరికా రివ్యూలు చదివి కొనేవాళ్లు దీన్నే వదిలేస్తారు. గోల్కొండ కోట నయా ఖిల్లాలో ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ కోర్సునే తీసుకోండి. దక్కన్ రాతినేల. ఎండాకాలంలో నీరు చాలని చోట నేల బిగుసుకుపోతుంది. వెడల్పు సోల్‌కి బౌన్స్ (సోల్ వెనక భాగం ముందంచు కంటే కిందికి దిగే కోణం) కూడా ఎక్కువుంటే అలాంటి చోట క్లబ్ నేలను తాకి పైకి ఎగురుతుంది, లీడింగ్ ఎడ్జ్ (సోల్ ముందంచు) నేరుగా బంతి నడుముకి తగులుతుంది. గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి) అవతలికి పోయే ఆ థిన్ షాట్ అందరికీ పరిచయమే. అదే కోర్సులో శ్రావణ మాసంలో కథ తిరగబడుతుంది: సన్న సోల్ మెత్తని మట్టిలోకి దిగబడి, బంతి కంటే మట్టి పెళ్ల ముందు ఎగురుతుంది. ఏడాది పొడవునా ఒకే సెట్‌తో ఆడేవాళ్లకు మధ్యస్థపు వెడల్పు, ముందంచు కాస్త గుండ్రంగా అరగదీసిన సోల్ మేలు. నిలువుగా దిగే స్వింగ్ ఉంటే కొంచెం వెడల్పు వైపు, నేలను రాసుకుంటూ పోయే స్వింగ్ అయితే సన్నం వైపు మొగ్గండి.

తర్వాత బంతి దిగే కోణం. బంతి ప్రయాణాన్ని రాడార్‌తో కొలిచే ట్రాక్‌మ్యాన్ ఒకప్పుడు ప్రచురించిన పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ పోటీలు) సగటుల్లో 7 ఐరన్ క్యారీ (గాల్లో పోయే దూరం) 172 గజాలు, స్పిన్ నిమిషానికి 7,000 పైచిలుకు, బంతి దిగే కోణం 50 డిగ్రీలు. మనకు 172 అక్కర్లేదు. కానీ దిగే కోణం 45కి బాగా తగ్గిపోతే బంతి గ్రీన్ మీద పడి వెనక బంకర్‌లో తేలుతుంది. సిమ్యులేటర్ తెర మీద ఈ అంకె ఎక్కడో మూలన ఉంటుంది. చూపించమని అడగండి.

ఆఖరిది కన్ను. బంతి ముందు నిలబడి కిందికి చూసినప్పుడు టాప్‌లైన్ (హెడ్ పై అంచు) మందంగా కనిపిస్తే కొందరికి ధైర్యం, కొందరికి వెగటు. ఆఫ్‌సెట్ కూడా అంతే. హోసెల్ (షాఫ్ట్ దూరే గొట్టం) కంటే ఫేస్ కొంచెం వెనక ఉంటే ఫేస్ మూసుకోవడానికి క్షణకాలం ఎక్కువ దొరుకుతుంది, స్లైస్ (బంతి కుడికి వంగిపోయే షాట్) కొట్టేవాళ్లకు సాయం. ఇప్పటికే బంతి ఎడమకు లాగేవాళ్లకు (కుడిచేతి వాటం వారికి) అదే శాపం.

మజిల్‌బ్యాక్, అంటే బ్లేడ్

1950 యూఎస్ ఓపెన్‌లో మెరియన్ కోర్సు చివరి హోల్ మీద అమెరికన్ దిగ్గజం బెన్ హోగన్ 1 ఐరన్ కొట్టి నిలబడిన ఫొటో గోల్ఫర్ల ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ కాలంలో ఐరన్ అంటే బ్లేడే, వేరే దారి లేదు. ఇవాళ ఉంది.

బ్లేడ్‌లో బరువు ఫేస్ మధ్యలో, వెనక భాగంలో చేరి ఉంటుంది. సన్న సోల్, సన్న టాప్‌లైన్, ఆఫ్‌సెట్ నామమాత్రం. టైటలిస్ట్ 620 ఎంబీలో 7 ఐరన్ లాఫ్ట్ 35 డిగ్రీలు, పిచింగ్ వెడ్జ్ (9 ఐరన్ తర్వాతి, ఇంకా ఎక్కువ లాఫ్ట్ ఉన్న క్లబ్) 47. అంకెకీ లాఫ్ట్‌కీ పాత సంబంధం చెడలేదు. స్పిన్ ఎప్పుడూ ఒకేలా వస్తుంది, రఫ్ (పొడుగు గడ్డి) నుంచి కొట్టినా బంతి ఎంత పోతుందో ఊహించవచ్చు. కుడికి వంగే ఫేడ్, ఎడమకు వంగే డ్రా, తక్కువ ఎత్తు షాట్, ఏది కావాలంటే అది చేయించుకోవచ్చు. ఇవన్నీ మధ్యలో తగిలితేనే. టో వైపు అరంగుళం జరిగిందా, మీరు లెక్కేసుకున్న క్లబ్ కంటే ఒక క్లబ్ తక్కువ దూరం.

"బ్లేడ్‌తో ఆడితే ఆట మెరుగవుతుంది" అనే మాట క్లబ్ హౌసుల్లో తరచూ వినిపిస్తుంది. బంతి ఎక్కడ తగిలిందో తెలియడమే కావాలంటే పైన చెప్పిన మార్కర్ చాలు. ప్రాక్టీసుకి పాత 6 ఐరన్ బ్లేడ్ ఒక్కటి తెచ్చుకోండి, సెట్ మొత్తం మార్చకండి.

క్యావిటీ బ్యాక్

కార్‌స్టెన్ సోల్‌హైమ్ జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరు. పటింగ్ కుదరక తనే పటర్ చేసుకుని పింగ్ కంపెనీ పెట్టాడు. బరువును అంచులకు తోసే ఆలోచనను ఐరన్లకూ తెచ్చి, 1969లో మైనపు అచ్చు పోతతో కే1 సెట్ వదిలాడు. మన పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతే అది. సుత్తెతో సాగదీసే ఇనుములో వెనక లోతైన గుంట తీయడం కష్టం, మైనంలో ఏ ఆకారమైనా తేలిక. 1982లో వచ్చిన ఐ2 దెబ్బకు మార్కెట్టే మారిపోయింది. దాని గ్రూవ్‌ల మీద యూఎస్‌జీఏతో (అమెరికాలో గోల్ఫ్ నిబంధనలు చూసే సంస్థ), పీజీఏ టూర్‌తో ఏళ్ల తరబడి గొడవ నడిచింది. 2010లో అమెరికన్ ప్రొఫెషనల్ ఫిల్ మికెల్సన్ ఆ పాత వెడ్జ్ బయటికి తీసి టూర్‌లో ఆడేసరికి గొడవ మళ్లీ రాజుకుంది కూడా.

క్యావిటీల్లో రెండు రకాలు కలిసిపోయి ఉన్నాయి, విడదీసి చూడాలి. ఒకటి ప్లేయర్స్ క్యావిటీ. చూడటానికి బ్లేడ్‌లా సన్నగా ఉండి వెనక చిన్న గుంట ఉంటుంది. టైటలిస్ట్ టీ100 లాంటివి, 7 ఐరన్ 34 డిగ్రీల దగ్గర. ఇవాళ టూర్‌లో ఆటగాళ్లు వీటివైపే ఎక్కువ మొగ్గుతున్నారు. బంతిని ఎలాగైనా మధ్యలో కొట్టగలవాళ్లే ఆ కాస్త సాయం వదులుకోవడం లేదంటే, వారానికి ఒకసారి ఆడేవాళ్లు ఆలోచించుకోవాలి. తెలుగు తల్లిదండ్రుల బిడ్డ సాహిత్ తీగల పింగ్ ఆటగాడే. 2023లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌తో తొలి పీజీఏ టూర్ టైటిల్ అందుకున్నాడు.

రెండోది గేమ్ ఇంప్రూవ్‌మెంట్ క్యావిటీ. హెడ్ పొడుగు, సోల్ వెడల్పు, ఆఫ్‌సెట్ స్పష్టం, గరిమనాభి కిందికి. అడ్డంగానూ నిలువుగానూ చెదిరే మచ్చలున్నవాళ్లకు, అంటే మనలో మెజారిటీకి, ఇదే సరైన ఇల్లు. చిక్కు లాఫ్ట్‌లో ఉంది. పింగ్ జీ430లో 7 ఐరన్ 29 డిగ్రీలు, పిచింగ్ వెడ్జ్ 41. గరిమనాభి కిందికి రావడం వల్ల బంతి ఎలాగూ పైకి లేస్తుంది, అందుకే లాఫ్ట్ తగ్గించామని కంపెనీల వాదన. స్వింగ్ వేగం ఉన్నవాళ్లకు ఆ వాదన నిజం. నెమ్మదిగా తిప్పేవాళ్లకు 4, 5 ఐరన్లు ఉండీ లేనట్టే. వాటి బదులు హైబ్రిడ్‌లు (ఐరన్‌కీ, లావు తల వుడ్‌కీ మధ్య రకం) పెట్టుకోవాలి.

ఇంకో మెట్టు పైన సూపర్ గేమ్ ఇంప్రూవ్‌మెంట్ ఉంది: సగం హైబ్రిడ్‌లా ఉబ్బి ఉంటాయి. ఫ్యాట్ షాట్ల (బంతి కంటే ముందు నేల తాకే దెబ్బల) బెడద తీరనివాళ్లకు, బంతి అసలు లేవనివాళ్లకు అవి వరమే. మన గట్టి నేలల మీద మాత్రం కొని తెచ్చుకునే ముందు గడ్డి మీద కొట్టి చూడండి.

హాలో బాడీ

బయటికి బ్లేడ్ రూపం, లోపల గుల్ల. సన్నని గట్టి స్టీల్ ఫేస్, అడుగున టో వైపు టంగ్‌స్టన్, లోపల ఏదో ఒక పాలిమర్. పీఎక్స్‌జీ 0311 2015లో దీన్ని ప్రీమియం వస్తువుగా అమ్మి చూపించింది. 2017లో టైలర్‌మేడ్ పీ790 వచ్చి మామూలు గోల్ఫర్ బ్యాగులోకి తెచ్చింది. రెండు కంపెనీలూ పేటెంట్ల మీద కోర్టుకెక్కి తర్వాత రాజీ పడ్డాయి. లోపల పాలిమర్ నింపేది ప్రధానంగా శబ్దం కోసం. గుల్ల ఇనుము డబ్బాలా మోగుతుంది, సన్న ఫేస్‌కి వెనక ఆసరా కూడా కావాలి.

నాకు దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. 4, 5, 6 ఐరన్లలో దీనికి సాటి లేదు. సన్న ఫేస్ స్ప్రింగులా వంగి బంతి వేగం పెంచుతుంది, గరిమనాభి అడుగున ఉంది కాబట్టి బంతి ఎత్తుకి లేస్తుంది, చూపుకీ ముచ్చటగా ఉంటుంది. 9 ఐరన్, పిచింగ్ వెడ్జ్ దగ్గరికి వచ్చేసరికి ఆ గుణాలే ఎదురు తిరుగుతాయి. అక్కడ కావలసింది వేగం కాదు, ప్రతిసారీ ఒకే దూరం. వానాకాలం రఫ్‌లో ఫేస్‌కీ బంతికీ మధ్య తడి గడ్డి చిక్కుకుంటే స్పిన్ చచ్చిపోయి బంతి ఊహించినదానికి పది పదిహేను గజాలు ఎక్కువ ఎగిరిపోతుంది. ఏ ఐరన్‌తోనైనా ఈ ఫ్లయర్ వస్తుంది. వేగవంతమైన ఫేస్, తక్కువ లాఫ్ట్ కలిసినప్పుడు ఎక్కువ బాధిస్తుంది.

పీ790లో 7 ఐరన్ 30.5 డిగ్రీలు. అది బ్లేడ్ రూపంలో ఉన్న గేమ్ ఇంప్రూవ్‌మెంట్ క్లబ్బే. అహానికి అదొక సౌకర్యం, దానికి కాస్త ఎక్కువ డబ్బు. అందులో తప్పేమీ లేదు, తెలిసి కొంటే చాలు.

పక్కపక్కన

| | బ్లేడ్ | ప్లేయర్స్ క్యావిటీ | హాలో | గేమ్ ఇంప్రూవ్‌మెంట్ |
|---|---|---|---|---|
| 7 ఐరన్ లాఫ్ట్ (సుమారు) | 34–35° | 33–34° | 30–31° | 27–30° |
| టో, హీల్ దెబ్బకు ఓర్పు | తక్కువ | ఓ మోస్తరు | బాగానే | ఎక్కువ |
| ఫేస్ కింద తగిలితే | బాగా నష్టం | నష్టం | తట్టుకుంటుంది | తట్టుకుంటుంది |
| ఎండాకాలపు గట్టి నేల | బాగుంటుంది | బాగుంటుంది | పరవాలేదు | బౌన్స్ చూసి తీసుకోవాలి |
| వానాకాలపు మెత్తని నేల | దిగబడుతుంది | జాగ్రత్త | పరవాలేదు | బాగుంటుంది |
| దూరం నిలకడ (మధ్యలో తగిలితే) | చాలా బాగు | చాలా బాగు | కొంచెం అటూఇటూ | కొంచెం అటూఇటూ |
| లాఫ్ట్, లై (షాఫ్ట్ నేలతో చేసే కోణం) వంచుకోవడం | తేలిక | తేలిక | పరిమితం | లోహాన్ని బట్టి |

ఫోర్జింగా, పోతా?

దీని మీద జరిగినంత వాదన ఇంకే దాని మీదా జరగలేదు, ఫలితం మాత్రం చిన్నది. చేతికి తెలిసే "ఫీల్"లో ఎక్కువ భాగం చెవికి వినిపించే శబ్దమే. హెడ్ ఆకారం ఒకటే అయితే పోతదో, కొట్టి చేసినదో కళ్లు మూసుకుని చెప్పడం బాగా ఆడేవాళ్లకే కష్టం. అసలు తేడా వంపు దగ్గర. 1020, 1025 లాంటి మెత్తని కార్బన్ స్టీల్ ఫోర్జింగ్‌ని లై మెషీన్‌లో పెట్టి రెండు డిగ్రీలు నిశ్చింతగా వంచవచ్చు. 17-4 స్టెయిన్‌లెస్ పోత మొండిది, తెలియని చేతిలో పగిలే ప్రమాదం ఉంది. మీ ఎత్తు, చేతుల పొడవు సగటుకి దూరంగా ఉంటే ఈ ఒక్క కారణం ఫోర్జింగ్ వైపు మొగ్గడానికి చాలు. పింగ్ అయితే పోత క్లబ్బుల్నే రంగు చుక్కలతో లై వారీగా అమ్ముతుంది.

అమెరికన్ ఆటగాడు బ్రైసన్ డిషాంబో వల్ల పేరొచ్చిన ఒకే పొడవు ఐరన్లు, 3డీ ప్రింటింగ్ హెడ్లు ముచ్చటైనవే. అవి ఇప్పుడు చర్చిస్తున్న సందేహం ఉన్నవాళ్ల కోసం కావు.

ఎవరికి ఏది

ఆట మొదలుపెట్టి ఏడాది కాలేదంటే వాడిన గేమ్ ఇంప్రూవ్‌మెంట్ సెట్ తీసుకోండి. స్వింగ్ మారుతూనే ఉంటుంది, కొత్తదాని మీద డబ్బు పెట్టడం దండగ. అయిదారేళ్ల కిందటి మోడల్‌కీ ఇవాళ్టిదానికీ మైదానంలో కనిపించే తేడా స్వల్పం.

మచ్చలు అడ్డంగా చెదిరినా ఎత్తు సరిగ్గానే పడుతుంటే మధ్యస్థ సైజు క్యావిటీ. ఇలాంటివాళ్లు హాలోకి ఆశపడతారు. 7 నుంచి కింది అంకెలకు హాలో, 8 నుంచి వెడ్జ్ దాకా ప్లేయర్స్ క్యావిటీ కలిపి కాంబో సెట్ చేసుకుంటే రెండు సుఖాలూ దక్కుతాయి. కలిపేటప్పుడు అంకెలు కాదు, లాఫ్ట్‌లు చూడాలి. 30.5 డిగ్రీల 7 ఐరన్ పక్కన 38 డిగ్రీల 8 ఐరన్ పెడితే మధ్యలో ఒక క్లబ్ మాయమైనట్టే. నాలుగు, అయిదు డిగ్రీల అంతరం దాటనివ్వకండి.

మచ్చలు చిన్న నాణెమంత చోట పోగైతే, దిగే కోణం 47 దాటుతుంటే, ప్లేయర్స్ క్యావిటీ. బ్లేడ్ కావాలని మనసు మరీ లాగితే 8, 9, పిచింగ్ వెడ్జ్ వరకు తీసుకోండి. అక్కడ దానివల్ల నష్టం తక్కువ.

అరవై దాటినవాళ్ల విషయంలో షాపులు తరచూ ఇచ్చే సలహా నాకు నచ్చదు. "మీకు దూరం కావాలి" అంటూ 27 డిగ్రీల 7 ఐరన్ చేతికిస్తారు. స్వింగ్ నెమ్మదించినవాళ్లకు ముందు కావలసింది ఎత్తు. సోల్ వెడల్పుగా ఉండి లాఫ్ట్ మరీ బిగించని గేమ్ ఇంప్రూవ్‌మెంట్ హెడ్ వెతకండి. 6 కంటే చిన్న అంకె ఐరన్లన్నీ హైబ్రిడ్‌లకు, 7 వుడ్‌కి వదిలేయండి.

మనవాళ్లలో ఎక్కువగా కనిపించే ఇంకో రకం ఉంది: డాలస్ నుంచి బావగారు తెచ్చి ఇచ్చిన సెట్. సెట్ మంచిదే, ఆరడుగుల రెండంగుళాల బావగారికి కొలిచి చేయించింది. మీరు అయిదున్నర అడుగులైతే టో గాల్లోకి లేచి బంతి ఎడమకు పోతూనే ఉంటుంది, మీరేమో స్వింగ్ మార్చుకుంటూ కూర్చుంటారు. సోల్ మీద గీతల్ని చూస్తే తెలిసిపోతుంది. అరుగుదల అంతా హీల్ వైపే ఉంటే లై మీకు నిలువు ఎక్కువ. హెడ్ మెత్తని కార్బన్ స్టీల్ అయితే వంచించండి, షాఫ్ట్ పొడవు తగ్గించండి. గుల్ల హెడ్ అయితే బావగారికి కృతజ్ఞత చెప్పి వేరే చూసుకోవడమే.

వాడిన సెట్ కొనేటప్పుడు 8, 9 ఐరన్ల గ్రూవ్‌లు చూడండి, ముందు అరిగేవి అవే. గ్రూవ్ అంచు మీద గోరు గీస్తే తగలాలి. 2011కి ముందు తయారైన క్లబ్బులైతే పోటీల్లో వాడే ముందు నిబంధన కనుక్కోండి. టూర్లలో 2010 నుంచి కొత్త గ్రూవ్ నిబంధన అమల్లో ఉంది, ఆ మరుసటేడు నుంచి కొత్తగా తయారుచేసే క్లబ్బులకూ వర్తించింది. స్నేహితులతో ఆదివారం ఆటకు ఎవరూ పట్టించుకోరు.

ఏది కొన్నా, పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ ఎంతో డబ్బు కట్టే ముందే అడగండి. అది 41 అయితే, మీ బ్యాగులో ఉన్న 52 డిగ్రీల వెడ్జ్‌కీ దానికీ మధ్య పదకొండు డిగ్రీల గొయ్యి ఉంది. దాన్ని పూడ్చడానికి 46, 47 డిగ్రీల వెడ్జ్ ఇంకొకటి కావాలి. పద్నాలుగు క్లబ్బుల పరిమితిలో దేన్ని తీసేస్తారో, ఆ అదనపు వెడ్జ్ ధర ఎంతో కలిపి లెక్క వేసుకోండి. అప్పుడు రెండు సెట్ల ధరలు పోల్చండి.